గంగాబల్‌లో ట్రౌట్ వేట: కొండ ఎక్కకముందే చూసుకోవాల్సినవి

కశ్మీర్‌లోని గాందర్‌బల్ జిల్లాలో, హర్‌ముఖ్ పర్వతం కింద ఉన్న సరస్సు గంగాబల్. ఎత్తు సుమారు 3,570 మీటర్లు. ఇక్కడ గాలానికి పడేది బ్రౌన్ ట్రౌట్. ఇది కశ్మీర్ సొంత చేప కాదు. 1900 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్లు గుడ్లు తెప్పించి ఇక్కడ పెంచారు.

దారి: శ్రీనగర్ నుంచి నారానాగ్ దాకా బండి వెళ్తుంది. ఆ తర్వాత కాలినడకే. సామాన్లు మోయడానికి గుర్రాలు దొరుకుతాయి.

సమయం: మంచు కరిగాక జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు. ఎండాకాలమైనా రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. టెంట్, ఉన్ని బట్టలు, రెయిన్‌కోటు తప్పనిసరి.

పర్మిట్: జమ్మూ కశ్మీర్ మత్స్యశాఖ పర్మిట్ ఉండాలి. సరస్సు దగ్గర కౌంటర్ ఉండదు కాబట్టి శ్రీనగర్‌లోనే తీసుకోవాలి. ఎన్ని చేపలు పట్టొచ్చో అందులోని షరతులు చదువుకోవాలి. చల్లటి నీళ్లలో ట్రౌట్ నెమ్మదిగా పెరుగుతుంది. చిన్నవి పడితే వదిలేయడమే మంచిది.

ఆరోగ్యం: అసలు ప్రమాదం ఎత్తుతోనే. హైదరాబాద్ నుంచి విమానంలో దిగి, మర్నాడే కొండెక్కితే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. నారానాగ్ నుంచి సరస్సుకు దాదాపు 1,400 మీటర్ల ఎక్కుడు. అందుకే మధ్యలో ట్రన్‌ఖోల్ దగ్గర ఒక రాత్రి ఆగాలి. పైన ఆసుపత్రి లేదు. బాధ ఎక్కువైతే వెంటనే కిందికి దిగాలి, ఒక్క చేపా పడకపోయినా సరే. తిరిగొచ్చే తేదీ నారానాగ్‌లో ఎవరికైనా చెప్పి బయల్దేరాలి.