రెండు టూర్లు, సున్నా టెస్టులు: హైదరాబాద్ పేసర్ గోవింద్‌రాజ్ కథ

సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో బౌలింగ్ వేసే కుర్రాళ్లని ఎవర్ని అడిగినా సిరాజ్ గురించి గంటసేపు చెప్తారు. అదే దేవరాజ్ గోవింద్‌రాజ్ ఎవరని అడగండి. చాలామంది "ఎవరన్నా ఆయన?" అంటారు. ఈరోజు ఎపిసోడ్ ఆయన మీదే.

గోవింద్‌రాజ్ మన హైదరాబాద్ రంజీ టీమ్ పేస్ బౌలర్. 1971లో అజిత్ వాడేకర్ కెప్టెన్సీలో ఇండియా ముందు వెస్టిండీస్ వెళ్లింది, తర్వాత ఇంగ్లాండ్ వెళ్లింది. రెండు దేశాల్లోనూ మనం సిరీస్ గెలవడం అదే ఫస్ట్ టైమ్. ఆ రెండు టూర్లకీ గోవింద్‌రాజ్ సెలెక్ట్ అయ్యారు. వెస్టిండీస్‌లో 5 టెస్టులు, ఇంగ్లాండ్‌లో 3, మొత్తం 8. ఒక్కదాంట్లో కూడా ఆయనకి చోటు దొరకలేదు. ఆ తర్వాత కూడా టెస్ట్ క్యాప్ రాలేదు.

మరి అంత బ్యాడ్‌గా వేసేవారా? అసలు విషయం అది కాదండి. అప్పటి ఇండియా గెలుపు మొత్తం స్పిన్ మీదే నడిచేది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్... వీళ్ల చేతికి బాల్ వెళ్లాలంటే ముందు దాని మెరుపు పోవాలి. ఆ పని చేయడానికి మన హైదరాబాదీ అబిద్ అలీ, ఆయనతో పాటు సోల్కర్ ఉండేవారు. ఇద్దరూ బ్యాటింగ్ చేస్తారు, ఫీల్డింగ్‌లో చిరుతలు. కేవలం ఫాస్ట్ వేసేవాడికి ఇంక చోటెక్కడుంది?

ఓవల్ టెస్ట్ స్కోర్‌కార్డ్ చూడండి. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లాండ్ 101కి ఆలౌట్. మనవాళ్లు వేసింది 45.1 ఓవర్లు. అందులో అబిద్ అలీ 3, సోల్కర్ 3. అంతే, మిగతాదంతా స్పిన్. చంద్రశేఖర్‌కి 38 పరుగులకి 6 వికెట్లు. టీమ్ ఇలా గెలుస్తుంటే ఏ కెప్టెన్ మాత్రం మారుస్తాడు చెప్పండి?

అంత పెద్ద స్పిన్నర్ ప్రసన్నే ఆ ఇంగ్లాండ్ టూర్‌లో ఒక్క టెస్టూ ఆడలేదు. వెస్టిండీస్‌లో మన హైదరాబాద్ ఓపెనర్ జయంతిలాల్‌కి మొదటి టెస్టులో ఛాన్స్ వచ్చింది. 5 పరుగులు చేశారు. తర్వాతి టెస్టుకి గవాస్కర్ వచ్చాడు, ఆ సిరీస్‌లో 774 కొట్టాడు. జయంతిలాల్ టెస్ట్ కెరీర్ ఆ ఒక్క ఇన్నింగ్స్‌తోనే క్లోజ్.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేశాను కాబట్టి బెంచ్ అంటే ఏంటో తెలుసు. పని వచ్చినా, కంపెనీకి కావాల్సిన స్కిల్ వేరే అయితే కూర్చోవాల్సిందే. కాకపోతే మనకి ఇంకో కంపెనీ ఉంటుంది. ఆయనకి ఇంకో ఇండియా టీమ్ ఎక్కడుంది?

1978లో కపిల్ దేవ్ వచ్చాక పేసర్ల మీద నమ్మకం మెల్లగా పెరిగింది. కట్ చేస్తే 2025 ఆగస్టు 4, అదే ఓవల్. ఇండియా 6 పరుగుల తేడాతో గెలిచింది. ఆ ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసింది సిరాజ్. అదే ఊరి పేసర్, అదే గ్రౌండ్. మధ్యలో 54 ఏళ్లు.

సిరాజ్ కష్టాన్ని తక్కువ చేయట్లేదు. కానీ పేసర్‌కి బాల్ ఇచ్చే కాలంలో పుట్టడం కూడా లెక్కలోకి వస్తుంది కదా. ఈసారి 1971 టీమ్ ఫోటో ఎక్కడైనా కనిపిస్తే, స్క్రోల్ చేసేముందు గోవింద్‌రాజ్ ఎక్కడున్నారో వెతకండి. మీ ఊళ్లో ఇలాంటి ప్లేయర్ ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి, బై.