ఇంగ్లండ్‌లో పడకగది పుట్టిన కథ

మా ఊరు మనూర్‌లో నా చిన్నప్పుడు పడకకంటూ వేరే గది ఉన్న ఇళ్లు తక్కువ. ఎండాకాలం వాకిట్లో నులక మంచాలు, వానాకాలం లోపల చాపలు. కొత్త జంట వస్తే అర్రలోని ధాన్యం బస్తాలు ఒక పక్కకు జరిపేవాళ్లు. నేనిప్పుడుంటున్న ఇంగ్లండ్‌లో మనిషికో గది ఉంటుందని, ఈ దేశం మొదటినుంచీ ఇంతేనని మన దగ్గర చాలామంది అనుకుంటారు. కానే కాదు.

ఐదారు వందల ఏళ్ల కింద ఇక్కడ ఇల్లంటే చాలామందికి నడిమధ్య మంట ఉన్న పెద్ద గదే. పొగ కప్పులోంచి పోవాలి కాబట్టి పైన అంతస్తు వేసే వీల్లేదు. ఇంటివాళ్లు, పనివాళ్లు అక్కడే పడుకునేవాళ్లు. 16వ శతాబ్దంలో గోడవారగా ఇటుక చిమ్నీలు లేచాయి. పొగకు దారి దొరికింది, పైన గదులు వచ్చాయి. ఎసెక్స్‌లో విలియం హారిసన్ అనే పాదరీ 1577లో తన ఊరి ముసలివాళ్ల మాట రాసిపెట్టాడు: తమ చిన్నతనంలో గడ్డి పరుపు, తల కింద దుంగ, ఇప్పుడు దిండ్లు, ఎటు చూసినా చిమ్నీలు.

అయినా చాటు దొరకలేదు. గదిలోంచే గదికి దారి. చివరికి పోవాలంటే అందరి మంచాల పక్కనుంచే నడవాలి. సత్రాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే మంచం పంచుకునేవాళ్లు. 1590 ప్రాంతంలో చేసిన ‘గ్రేట్ బెడ్ ఆఫ్ వేర్’ అనే సత్రపు మంచం మూడు మీటర్లకు పైగా వెడల్పు. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. గదుల వెంట నడవాలు 17వ శతాబ్దంలో వచ్చాయి, అదీ ధనికుల భవనాల్లో.

పేదలకు ఇంకెంతో కాలం పట్టింది. మిల్లులున్న నగరాల్లో ఎన్నో కుటుంబాలు ఒక్క గదిలోనే బతికాయి. 1918లో ప్రభుత్వం వేసిన ట్యూడర్ వాల్టర్స్ కమిటీ కార్మికుల ఇళ్లలో ఎక్కువవాటికి మూడు పడకగదులుండాలంది: తల్లిదండ్రులకు, మగపిల్లలకు, ఆడపిల్లలకు. 1919 ఇళ్ల చట్టంతో ప్రభుత్వ సొమ్ము సాయంగా స్థానిక కౌన్సిళ్లు ఇళ్లు కట్టాయి. 1935 ఇళ్ల చట్టం ఇంకా తేల్చి చెప్పింది: భార్యాభర్తలు కాని ఆడ, మగ, పదేళ్లు నిండినవాళ్లు ఒకే గదిలో పడుకోక తప్పకపోతే ఆ ఇల్లు కిక్కిరిసినట్టే. ఆ కొలత నేటికీ ఉంది. నా లెక్కన ఈ చరిత్రలో గొప్ప ఘట్టం ఇదే. ఆడపిల్ల మర్యాదను సర్కారు గదుల లెక్కలో చేర్చింది.

ఇక పసిబిడ్డ సంగతి. మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, విడి తొట్టెలో పడుకోబెట్టమని ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ చెబుతుంది. ఒకే గదిలో పడుకోవడం వెనకబాటు కాదు. చోటు లేక పడుకోవలసి రావడమే బాధ.

మన దగ్గరా పడకగదుల లెక్క వచ్చింది. తెలంగాణలో 2015లో మొదలైన సర్కారు ఇళ్ల పథకం పేరే డబుల్ బెడ్రూం. అందులో ఇంటికి 560 చదరపు అడుగులు ఉండేవి. మీరు ఇల్లు కట్టుకుంటుంటే ఎదిగిన బిడ్డ తలుపేసుకునే చోటు ముందు చూడండి. ముసలివాళ్ల మంచం మాత్రం రాత్రి పిలిస్తే వినపడేంత దగ్గర వేయండి.