అందుగు బంక: గుట్ట నుంచి గోలీ దాకా

గద్వాల, వనపర్తి మైదానాలు దాటి నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ గుట్టలెక్కితే అందుగు చెట్లు కనిపిస్తాయి. రాతి వాలుల్లో, మన్ను పలచగా ఉన్నచోట కూడా బతికే చెట్టు. బెరడుకు గాటు పెడితే బంక కారుతుంది. చెంచులకు అడవి ఇచ్చే రాబడిలో బంకలది ఎప్పుడూ పెద్ద వాటాయే. సంస్కృత వైద్య గ్రంథాల్లో ఈ చెట్టే శల్లకి. కీళ్ల వాపులకు దీన్ని వాడటం పాత సంగతి.

అయితే వాడుక ఒకటి, రుజువు మరొకటి. 1962లో వింటర్, ఆయన సహచరులు ఎలుక పాదంలోకి క్యారజీనన్ ఎక్కించి, ఉబ్బును కొలిచే పద్ధతిని ప్రకటించారు. క్యారజీనన్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. మందు ఇచ్చిన ఎలుకలకూ ఇవ్వనివాటికీ ఉబ్బులో తేడా అంకెల్లో తేలుతుంది. మూలికా పరిశోధనకు అదే గీటురాయి అయింది. 1986లో జమ్మూలోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో సింగ్, అటల్ అందుగు బంక సారాన్ని ఈ పరీక్షకు పెట్టారు. పాదం వాపు బాగా తగ్గింది, కడుపులో పుండ్లు పడలేదు. దూది ఉండలు పెట్టి చేసే మరో పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. దాన్నీ వాళ్లు దాచకుండా రాశారు. నాకు ఆ పత్రంలో నచ్చేది అదే.

ఎందుకు పనిచేస్తోంది? 1990ల తొలినాళ్లలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో అమ్మన్ బృందం జవాబు చెప్పింది. బంకలోని బోస్వెలిక్ ఆమ్లాలు 5-లిపాక్సిజనేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. వాపును రేపే ల్యూకోట్రయీన్లు తయారయ్యేది ఆ ఎంజైము వల్లే. ఆస్పిరిన్ అడ్డుకునే ఎంజైము వేరు.

ఆ తర్వాత మనుషుల వంతు. 2003లో నాగపూర్ వైద్యులు మోకాలి నొప్పులున్న 30 మందిపై అందుగు సారాన్ని పరీక్షించారు. నొప్పి, వాపు తగ్గాయి, ఎక్స్‌రేలో మాత్రం మార్పు లేదు. 2008లో విజయవాడ లైలా ఇంపెక్స్ తయారుచేసిన 5-లాక్సిన్ అనే అందుగు మందును 75 మందిపై 90 రోజులు పరీక్షించి, నొప్పి తగ్గిందని ప్రకటించారు. తయారుచేసిన సంస్థ వాళ్లే పరిశోధకుల్లో ఉన్నారని పాఠకుడు గుర్తుంచుకోవాలి. పైగా 5-లాక్సిన్ ఒక బోస్వెలిక్ ఆమ్లాన్ని 30 శాతానికి చిక్కబరిచిన సారం. పచ్చి బంకలో ఆ ఆమ్లం కొద్దిపాటే. గోలీకి దొరికిన రుజువును సంతలో కొన్న బంకకు అంటగట్టడం తప్పు.

ఇక వాటా మాట. 2002 జీవవైవిధ్య చట్టం స్థానికులకు లాభంలో పాలు ఉండాలంది. 2023 సవరణ గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానానికి కొన్ని మినహాయింపులిచ్చింది. చెంచుల ఎరుక చాలామటుకు గ్రంథాలకెక్కనిది. అమ్రాబాద్ పంచాయతీలు తమ జీవవైవిధ్య రిజిస్టర్లలో ముందుగా దాన్ని రాయించాలి.