వినని మైకే మంచి మైకు

ముందే చెప్పేస్తున్నా, నేను సౌండు ఇంజినీరుని కాను. పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టే మామూలు సాఫ్టువేరు జీవిని. కాకపోతే అమెరికాలో మన తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో ఎక్కడా రాయని నియమం ఒకటుంది: కంప్యూటర్లు తెలిసినవాడికి వైర్లన్నీ తెలిసినట్టే లెక్క. ప్రొజెక్టరూ వాడిదే, లాప్‌టాపూ వాడిదే, మైకూ వాడిదే. అలా మా ఊరి త్యాగరాజ ఆరాధనకి ఆరేళ్ళపాటు మైకుసెట్టు నా నెత్తిన పడింది. అందులో ఒక ఏడాది నేను చేసిన తప్పు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తప్పేమిటో అర్థం కావడానికి నాకు మైకుల చరిత్ర మొత్తం చదవాల్సొచ్చింది.

ఆ ఏడాది మా మిత్రుడొకరి అమ్మగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి. వయసులో ఉండగా రేడియోలో పాడారు, తర్వాత నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పారు. అందరం మామ్మగారనే పిలిచేవాళ్ళం. గొంతు చిన్నదైపోయింది కానీ గమకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆరాధనలో ఆవిడకి అరగంట కచేరీ పెట్టాం. అలాంటావిడ మా సొట్టలు పడ్డ పాత మైకులో పాడటమేమిటి అనిపించి, దానికి మూడింతలు ధర పెట్టి కొత్త కండెన్సరు మైకు కొన్నాను. పెట్టె మీద "సూపర్ కార్డియాయిడ్" అని రాసుంది. సూపర్ అన్నాడంటే మంచిదే అయ్యుంటుంది కదా :)

పాత మైకు తీసి అదే స్టాండుకి కొత్తది తగిలించాను. ఇంకేమీ ముట్టుకోలేదు. పాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినపడటానికి ఎదురుగా నేలమీద పెట్టే మానిటరు స్పీకరు కూడా ఎక్కడిది అక్కడే ఉంది. టెస్టింగంటారా? "హలో, వన్ టూ త్రీ". అంతే. ప్రొడక్షన్లో ఒక్క కాంపొనెంటే కదా మార్చింది అనుకున్నవాళ్ళందరికీ ఏమవుతుందో మీకు తెలుసు.

వర్ణం రెండో ఆవృతంలోనే కుయ్యిమని కూత. తగ్గించాను. తగ్గిస్తే ఆవిడకి తన గొంతు తనకి వినపడలేదు. పక్కన మృదంగం మోగుతోంది. దాన్ని దాటాలని గొంతు పెంచారు. పెంచితే మళ్ళీ కూత, మళ్ళీ తగ్గించాను. ఆలాపనలో తారస్థాయి షడ్జం మీద గొంతు పగిలింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చిన్న కీర్తన ఒకటి పాడి, చేతులు జోడించి లేచిపోయారు. అరగంట కచేరీ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి ఏదో చెప్పబోతే, "ఏం లేదు నాయనా, గొంతు పాతదైపోయింది" అన్నారు. భోజనాల దగ్గర అందరూ అదే అనుకున్నారు, పాపం పెద్దావిడ, గొంతు పోయింది అని.

సరే, ఇక చరిత్రలోకి వెళదాం.

మైకు లేని రోజుల్లో ఎవరు పాడాలో నిర్ణయించింది సంగీతం కాదు, ఫిజిక్సు. దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది (ఆరుబయట సంగతి ఇది, గదిలో గోడలు కాస్త ఆదుకుంటాయి). ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) హరికథ చెప్పినా, పద్యనాటకంలో నటుడు రాగం తీసినా, ఆఖరి వరసలో కూర్చున్నవాడి దాకా గొంతు తన బలం మీదే వెళ్ళాలి. అందుకే ఎక్కువ శ్రుతి, నోరంతా తెరిచి పాడటం. చిన్న గొంతు ఎంత జ్ఞానమున్నా ఇంట్లోనే ఉండిపోయేది. అలా ఉండిపోయినవాళ్ళ పేర్లు మనకి తెలియవు, అది వేరే సంగతి.

1878లో హ్యూస్ అనే ఆయన తన కార్బన్ పరికరానికి మైక్రోఫోన్ అని పేరు పెట్టాడు. టెలిఫోనుకి అది చాలు, పాటకి చాలదు, గరగరలాడుతుంది. 1916లో వెంటే అనే ఇంజినీరు అమెరికాలో కండెన్సరు మైకు తయారుచేశాడు. పల్చటి రేకు, దాని వెనక పలక. శబ్దానికి రేకు కదిలితే మధ్యలో కెపాసిటెన్సు మారుతుంది. చిన్న చిన్న ధ్వనులు కూడా శుభ్రంగా పట్టింది అది. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియేగోలో యాభై వేల మందికి పైగా జనానికి మాగ్నవాక్స్ వాళ్ళ లౌడ్‌స్పీకర్లలో మాట్లాడాడు. ఒక మనిషి గొంతు అంతమందికి ఒకేసారి చేరడం అప్పటికి వింతే.

1925 నుంచి రికార్డింగు కూడా మైకుతోనే. దాంతో అమెరికాలో కొత్త రకం పాట పుట్టింది, క్రూనింగ్. అరవక్కర్లేదు, చెవిలో చెప్పినట్టు పాడితే చాలు. రూడీ వాలీ అనే గాయకుడు మైకు అందుబాటులోకి రాకముందు మూతికి మెగాఫోను పెట్టుకుని పాడేవాడు, గొంతు అంత చిన్నది. 1932లో బోస్టన్ కార్డినలొకాయన ఈ క్రూనర్ల పాటని నీచమని తిట్టిపోశాడు. మైకులో మెల్లగా పాడటం దొంగదారి అన్న అభిప్రాయం మన దగ్గరా ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా వినపడుతుంది. నేనొప్పుకోను. బాలమురళి మంద్రస్థాయిలో తనలో తను అనుకున్నట్టు పాడే చోట్లున్నాయి చూడండి, మైకు లేని సభలో అవి మూడో వరస దాటేవి కాదని నా అనుమానం. మైకు గొంతుని పెద్దది చెయ్యడమే కాదు, మెల్లగా పాడే హక్కు కూడా ఇచ్చింది.

అయితే స్టూడియోలో లేని చిక్కు సభలో ఉంది. మైకూ స్పీకరూ ఒకే గదిలో ఉంటాయి. స్పీకరు నుంచి వచ్చింది మైకు మళ్ళీ వింటుంది, ఆంప్లిఫయరు దాన్ని మళ్ళీ పెంచుతుంది, మైకు మళ్ళీ వింటుంది. బేస్ కేస్ లేని రికర్షన్ అన్నమాట. చుట్టూ తిరిగొచ్చిన శబ్దం బయల్దేరినప్పటి కంటే ఒక్క పిసరు ఎక్కువైతే చాలు, కూత మొదలు. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు (మనకి ఏటా మేనేజరిచ్చేది కూడా అదే జాతి). కాబట్టి సభలో మైకుకి కావలసిన మొదటి గుణం బాగా వినడం కాదు. వినకూడనిదాన్ని వినకపోవడం!

ఈ కోణంలో చూస్తే స్టేజీ మైకుల చరిత్రంతా చెవుడు నేర్చుకున్న చరిత్రే. 1930ల మొదట్లో వచ్చిన ఆర్‌సీఏ 44 రిబ్బను మైకు ముందూ వెనకా సమానంగా వింటుంది, పక్కలకి మాత్రం చెవుడు. రేడియో నాటకాల్లో ఇద్దరు చెరోవైపు నిలబడి మాట్లాడటానికి భలే ఉండేది. సభలో మాత్రం వెనకున్న జనాన్నీ స్పీకర్లనీ కూడా అంతే శ్రద్ధగా వినేది. ముందుది మాత్రమే వినాలంటే రెండు రకాల మైకులు ఒకే డబ్బాలో పెట్టి కలపాల్సొచ్చేది. బరువు, ఖర్చు.

దీన్ని షూర్ కంపెనీలో బెన్ బావర్ అనే కుర్ర ఇంజినీరు ఒకే మైకుతో సాధించాడు. 1939లో యూనిడైన్ 55 పేరుతో బజారులోకొచ్చింది. ఎల్విస్ ఫొటోల్లో నిలువు గాడులతో వెండిలా మెరుస్తుందే, ఆ జాతి. ఆయన కిటుకు వింటే మన ఇంజినీరు మనసుకి ఎంత హాయిగా ఉంటుందో! మైకు వెనక కూడా కన్నాలు పెట్టాడు. వెనక నుంచొచ్చిన శబ్దం ఆ కన్నాల్లో ముందే దూరుతుంది, కానీ లోపల దారిని కావాలని నెమ్మది చేశాడు. అదే శబ్దం బయటినుంచి చుట్టూ తిరిగి రేకు ముందువైపుకి చేరేసరికి లోపల నుంచి వచ్చేది కూడా రేకు వెనక్కి చేరుతుంది. రెండు వైపులా ఒకేసారి ఒకే ఒత్తిడి. రేకు కదలదు, అంటే మైకు వినలేదు. ముందునుంచి వచ్చిన శబ్దం మాత్రం రేకుని ముందు తాకుతుంది, వెనక్కి ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి రేకు కదులుతుంది. వినేచోటు పటం గీస్తే గుండె ఆకారంలో ఉంటుంది, అందుకే కార్డియాయిడ్ అని పేరు.

అన్నట్టు, మన ఫంక్షన్లలో యాంకర్లు స్టైలుగా మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు చూశారా? బావర్ పెట్టినలాంటి కన్నాలనే వాళ్ళు మూసేస్తున్నారు. మైకుకి అన్ని వైపులా చెవులొచ్చేస్తాయి. కూత వేస్తే తిట్లు సౌండువాడికి.

1959లో ఎర్నీ సీలర్ అనే ఆయన ఈ కిటుకుని చేతిలో పట్టుకుని కొసలోకి పాడే సన్నటి మైకులోకి ఇమిడ్చాడు. దాని వారసుడే 1966లో వచ్చిన ఎస్ఎం58. శాస్త్రీయ సంగీతం ఇష్టపడే సీలర్‌కి రాక్ సంగీతమంటే గిట్టేది కాదట, చివరికి రాకు గాయకుల చేతిలో కనపడేది ఆయన మైకే. ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోను. అమ్మకాలు సరిగా లేక 1970లో ఆపేద్దామా అని కూడా ఆలోచించారు. లాస్‌వేగాస్ స్టేజీలవాళ్ళకి చూపించి వాడమన్నాక దాని జాతకం తిరిగింది. రిక్వైర్‌మెంటు ఒకటి, వాడకం ఇంకొకటి!

అదే కాలంలో కండెన్సరు కూడా స్టేజీ ఎక్కేందుకు తయారైంది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్‌హార్డ్ సెస్లర్ కలిసి ఎలెక్ట్రెట్ మైకు కనిపెట్టారు, దాంతో కండెన్సర్లు చవకయ్యాయి, చిన్నవయ్యాయి. 1966లో నార్వే రేడియో కోసం నాయ్‌మన్ కంపెనీ మైకు తీగలోంచే కరెంటు పంపే పద్ధతి పెట్టింది. ఎన్ని వోల్టులు? ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాలకి 48 వోల్టుల సప్లై ఉంది కాబట్టి 48. అంతే! నార్వే చీకటి ఇవాళ మన గుళ్ళలోని మిక్సర్ల మీద కూడా అంకెయి కూర్చుంది. లెగసీ డెసిషన్లు మన సొత్తే అనుకుంటాం గానీ.

ఇప్పుడు నా తప్పు దగ్గరకొద్దాం. కార్డియాయిడ్‌కి పూర్తి చెవుడు సరిగ్గా వీపు వెనక, 180 డిగ్రీల దగ్గర. పక్కన 90 డిగ్రీల దగ్గర 6 డెసిబెల్స్ తక్కువ వింటుంది. సూపర్ కార్డియాయిడ్ పక్కల్ని ఇంకా తక్కువ వింటుంది, 8.7 డెసిబెల్స్ తక్కువ. పక్కనే మృదంగం ఉన్న మన కచేరీకి అది మేలే. కానీ లోకంలో ఏదీ ఊరికే రాదు కదా, దానికి వీపు వెనక చిన్న చెవి మొలుస్తుంది. దాని చెవుడు సుమారు 125 డిగ్రీల దగ్గర, అంటే వెనక్కి ఏటవాలుగా రెండు పక్కలా. నా మానిటరు ఎక్కడుంది? పాత మైకు పూర్తిగా వినని చోట, సరిగ్గా వెనక. కొత్త మైకుకి చెవి మొలిచింది కూడా సరిగ్గా అక్కడే.

ఆరాధన అయిన చాన్నాళ్ళకి ఒక శనివారం మా బేస్‌మెంటులో అదే సామాను మళ్ళీ పరిచి చూశాను. అదే కూత. మానిటరుని పక్కకి జరిపి ఏటవాలుగా పెట్టాను. నిశ్శబ్దం. గెయిన్ పెంచాను, ఇంకా పెంచాను. ఊహూఁ, కుయ్యి లేదు, కయ్యి లేదు. నాలుగడుగులు జరిపితే తీరిపోయేది. ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను.

మీలో ఎవరికైనా ఇలాంటి బాధ్యత పడితే పనికొస్తాయని నాలుగు మాటలు. కండెన్సరు అయినంత మాత్రాన ఎక్కువ కూస్తుందనేది అపోహ. అసలు సంగతి దాని చెవుడు ఎటువైపో, స్పీకర్లెటున్నాయో. ముందు మైకు కొని తర్వాత మానిటరు ఎక్కడ పెట్టాలా అనుకోకండి. మానిటరు ఎక్కడ పెట్టగలరో చూసుకుని మైకు కొనండి. ఎదురుగానే పెట్టాలంటే కార్డియాయిడ్, పక్కలకి ఏటవాలుగా పెట్టే వీలుంటే సూపర్ కార్డియాయిడ్. తంబురా గాయకుడి వెనక ఉంటుంది, అంటే మైకు ముఖానికెదురుగానే, కాబట్టి దాన్ని ఏ మైకూ తప్పించదు, తప్పించనక్కర్లేదు కూడా.

దూరం సంగతి. మనవాళ్ళు తాళం వేస్తూ, తల ఊపుతూ పాడతారు. మైకుకి రెండంగుళాల్లో ఉన్నవాళ్ళు ఇంకో రెండంగుళాలు వెనక్కి జరిగితే 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఎనిమిదంగుళాల్లో ఉండి అంతే జరిగితే పడేది 2 డెసిబెల్సే. పైగా ఈ మైకులన్నీ మరీ దగ్గరగా పాడితే కింది స్థాయిని ఉబ్బించేస్తాయి. కాబట్టి మన పాటకి జానెడు దూరం మంచిది. కానీ దూరం పెరిగితే గెయిన్ పెంచాలి, గెయిన్ పెరిగితే కూత. అందుకే మళ్ళీ చెవుడు దగ్గరికే వస్తాం. చివరగా, మామ్మగార్లకి నిజంగా పాడించి చూడండి, "వన్ టూ త్రీ"తో సరిపెట్టకండి.

బేస్‌మెంటు ప్రయోగం అయ్యాక మామ్మగారికి విజయవాడ ఫోను చేశాను. అప్పటికి ఆవిడ తిరిగి వెళ్ళిపోయి ఏడు నెలలు. వెనక చెవి, ముందు చెవి అంటూ ఏదేదో వివరించాను. "మామ్మగారూ, ఆవేళ పోయింది మీ గొంతు కాదండీ, తప్పు నాది" అన్నాను. చాలాసేపు అటునుంచి మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

తర్వాత ఒక్కటే అడిగారు. "మరి ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరికీ చెప్పావా నాయనా?"

చెప్పలేదు. ఆ ఒక్కరోజు విన్న ఎనభైమందిలో సగంమంది ఉద్యోగాలు మారి వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళందరి మనసులో ఆవిడ ఇంకా గొంతు పోయిన పెద్దావిడగానే ఉన్నారు. మీలో ఎవరైనా ఆ రోజు ఆ హాల్లో ఉండుంటే, దయచేసి సరిదిద్దుకోండి. ఆవిడ గొంతు బ్రహ్మాండంగా ఉంది. మైకే వినకూడని చోట విన్నది.