హార్మోనియము మొదలు మిడి వరకు

మన సంగీతమునకు మెట్ల పెట్టె క్రొత్త కాదు. దానిపై తగవును క్రొత్త కాదు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరు వంటి పారిశ్రామిక ప్రాంతమున, షిఫ్టు ముగించి వచ్చి, చిన్నగదిలో కంప్యూటరుపై పాట కట్టుకొనదలచిన యువకుడు ఏ మిడి కీబోర్డు కొనవలెనని ఆలోచించునపుడు, ఆ పాత తగవే అతని ముందు నిలుచుచున్నది.

1842లో పారిస్ నగరమున డెబెయిన్ అనునతడు హార్మోనియమునకు పేటెంటు పొందెను. అది కాళ్ళతో తొక్కెడి వాద్యము. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని, నేలపై కూర్చుండి ఎడమచేత తిత్తి ఆడించుచు వాయించు పెట్టెగా మార్చెను. చిన్నదగుటచేతనే అది ఊరూర తిరిగినది. మన పద్యనాటకమునకు ప్రాణమైనది. కాని స్వరమునకును స్వరమునకును నడుమ పలుకు గమకము దానిపై రాదని విద్వాంసులు ఆక్షేపించిరి. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో దానిని నిషేధించెను. 1948లో విజయవాడ కేంద్రము వెలసినపుడును ఆ నిషేధము అమలులో నుండెను. 1971 వరకు సడలలేదు.

ఇంతకును దోషము మెట్లదా? కాదని మా అభిప్రాయము. వీణకును 24 మెట్లు కలవు. అయితే మెట్టుపై తంతిని లాగవచ్చును. హార్మోనియమున ఆ వీలు లేదు. భేదమంతయు ఇచ్చటనే యున్నది.

1983లో వెలువడిన మిడి ప్రమాణము ఆ లాగుడునకు చోటిచ్చినది. మిడి కీబోర్డు తానుగా ధ్వనించదు. ఏ మెట్టు ఎంత వడిగా నొక్కబడెనో కంప్యూటరునకు అంకెలలో తెలుపును. స్వరమును వంచుటకు వేరొక చక్రము కలదు; ఆ వంపును 16,384 అంచెలుగా తెలుపుటకు ప్రమాణమున వీలున్నది.

కావున మనము మెట్ల సంఖ్యకు మురియ పనిలేదు. 25 మెట్లున్నచో రెండు స్థాయిలు వచ్చును; వీణపై ఒక తంతి, విడిగా మీటినదానితో కలిపి, మెట్లపై పలుకు స్వరములును అన్నియే. చూడవలసినది చక్రము. కొన్ని చిన్న కీబోర్డులలో దానికి బదులు రెండు బొత్తాములే యుండును. వానితో వంపు చేతి అదుపున నిలువదు. చక్రము సాధారణముగా రెండు అర్ధస్వరముల మేర వంచును. పెద్ద జారులకు సాఫ్టువేరులో ఆ మేరను పెంచుకొనవచ్చును. ఒకే చక్రము మ్రోగుచున్న స్వరములన్నిటిని వంచును గనుక శ్రుతిని వేరు ట్రాకులో నుంచవలెను. చక్రము తరచు ఎడమప్రక్కనే యుండును: నాడు తిత్తి ఆడించిన చేయి నేడు గమకమును పలికించును.

కొనుటకు ముందు కంప్యూటరునకు తగిలించి, తోడిరాగ గాంధారమును పట్టి చూడుడు. అది ఊగినచో ఆ కీబోర్డు మన సంగీతమునకు పనికివచ్చును.