మెడలోపలి కట్టు



మాఘమాసం వచ్చిందంటే మన హోసూరు, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాల్లో చింతకాయ దులిపే పని మొదలవుతుంది. గడకర్ర పట్టుకుని కొమ్మ చివరిదాకా వెళ్ళినవాడు ఒక్కోసారి కాలు జారి కింద పడతాడు. వెంటనే నలుగురూ చేరతారు. ఒకరు చేతులు, ఒకరు కాళ్ళు పట్టి లేపి కూర్చోబెడతారు. ఇంకొకరు నీళ్ళు తాగిస్తారు. ఒక పెద్దాయన ముందుకొచ్చి, "మెడ పట్టేసింది సామీ, ఒక తిప్పు తిప్పితే విడిచిపోతుంది" అంటాడు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ ఒక్క తిప్పుతో ఆ మనిషి జీవితాంతం మంచాన పడే ప్రమాదం ఉంది. ఎందుకో తెలియాలంటే, మెడ లోపలికి మనిషి చూపు ఎలా చేరిందో ఆ చరిత్ర తెలియాలి.

మన మెడలో 7 వెన్నుపూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి నడుమ ఉన్న దారిలో వెన్నుపాము దిగుతుంది. చేతులు, కాళ్ళు కదలాలన్నా, ఊపిరి ఆడాలన్నా ఆజ్ఞలు అందులోంచే వెళ్ళాలి. ఈ పూసలను ముందూ వెనకా పట్టి ఉంచేవి లిగమెంట్లు. బండికెత్తిన గడ్డిమోపులకు తాడు బిగించినట్టు అనుకోండి. తాడు తెగినా మోపులు కాసేపు ఉన్నచోటనే ఉంటాయి. చక్రం గుంతలో దిగినప్పుడే జారతాయి. మెడలోనూ అంతే. ఎముక విరగకపోయినా లోపలి కట్టు తెగిపోవచ్చు.

ఈ సంగతిని మనుషులు చాలా పూర్వమే గ్రహించారు. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పాత వైద్యగ్రంథం చుట్ట కొన్నాడు. అది సుమారు 3,600 ఏళ్ళ నాటిది. 1930లో జేమ్స్ బ్రెస్టెడ్ అనే పండితుడు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి ప్రచురించాడు. అందులో 48 గాయాల వర్ణనలు ఉన్నాయి. మెడపూసల దగ్గర ఆ వైద్యుడు రెండు సంగతులు వేరుచేసి చెప్పాడు. ఒకటి, పూసలు తమ చోటు వదలకుండానే వాటి మధ్య పట్టు చిరగడం. దీనికి వైద్యం చేయవచ్చన్నాడు. రెండోది, పూస పక్కకు జరిగి, రోగికి తన చేతులూ కాళ్ళూ ఉన్నట్టే తెలియకపోవడం. దీనికి వైద్యం లేదన్నాడు. మన సుశ్రుతుడు కూడా ఎముక విరగడం వేరు, కీలు తప్పడం వేరు అని విడదీసి, ఒక్కొక్కదానిలో రకాలు చెప్పాడు. అయితే వీళ్ళందరికీ ఆధారం కన్నూ, చెయ్యీ మాత్రమే.

మన తెలుగునేలమీద ఎముకల వైద్యం అనగానే తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చెయ్యి విరిగినా, కాలు విరిగినా మనవాళ్ళు తరాలుగా అక్కడికి బస్సెక్కుతూనే ఉన్నారు. చేతి ఎముక చర్మం కింద వేలికి తగులుతుంది. మెడలోపలి కట్టు తగలదు. ఎంత అనుభవం ఉన్న చేతికైనా అది అందని చోటు.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. అంతవరకు చేత్తో తడిమి తెలుసుకున్న ఎముకను వైద్యుడు కళ్ళారా చూశాడు. కానీ ఎక్స్‌రే చూపేది ఎముక నీడను. లిగమెంటుకు అలాంటి నీడ పడదు. పూసల మధ్య ఎడం పెరిగిందా, వరుస తప్పిందా అని చూసి వైద్యుడు ఊహించుకోవలసిందే. 1971లో లండనులో సి.టి. స్కాన్ మొదటిసారి రోగిమీద వాడారు. దానితో సన్నని పగులు కూడా కనబడింది. కట్టు మాత్రం సరిగా కనబడలేదు.

ఇక్కడ ఒక బడిపంతులుగా నన్ను కలవరపెట్టిన విషయం చెప్పాలి. 1982లో పాంగ్, విల్బర్గర్ అనే అమెరికా వైద్యులు కొందరు పిల్లల సంగతి ప్రకటించారు. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి, ఎక్స్‌రేలో మాత్రం ఏ లోపమూ లేదు. పిల్లల లిగమెంట్లు బాగా సాగుతాయి. దెబ్బకు మెడ సాగి, లోపలి పామును నలిపి, మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తుంది. మరికొందరిలో మొదట చిన్న తిమ్మిరే ఉండి, కొన్ని గంటలో, రోజులో గడిచాక పక్షవాతం వచ్చింది. ఎక్స్‌రే బాగుందన్న ధీమా ఎంత ప్రమాదమో చూడండి.

ఆ చీకటిని తొలగించింది ఎం.ఆర్.ఐ. 1973లో లాటర్‌బర్ అయస్కాంత శక్తితో బొమ్మ తీసే మార్గం చూపాడు. 1977లో మనిషి శరీరానికి తొలి స్కాన్ జరిగింది. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది నీడ పట్టే యంత్రం కాదు. శరీరంలోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ ఇచ్చే సంకేతాలతో బొమ్మ కడుతుంది. గట్టిగా ఉన్న లిగమెంటు నల్లని గీతలా కనిపిస్తుంది. తెగితే ఆ గీత తునిగి, చుట్టూ చేరిన వాపునీరు తెల్లగా మెరుస్తుంది. కొవ్వు మెరుపును అణచి నీటినే చూపే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని స్టర్ అంటారు. వాపు తగ్గేకొద్దీ ఆ మెరుపు మసకబారుతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లో తీసిన బొమ్మకు విలువ ఎక్కువ. 2007 నుంచి వాడుకలోకి వచ్చిన ఒక లెక్కలో వైద్యులు మూడు ప్రశ్నలు వేసుకుంటారు: ఎముక ఎలా దెబ్బతింది, కట్టు నిలిచిందా, నరాలు పనిచేస్తున్నాయా? ఆపరేషను అవసరమా కాదా అన్నది ఈ మూడింటినీ కలిపి చూస్తారు.

అలాగని మెడనొప్పి ఉన్న ప్రతివారికీ ఎం.ఆర్.ఐ. అక్కరలేదు. పెద్ద దెబ్బల్లో మొదట సి.టి. తీస్తారు. ఎం.ఆర్.ఐ.లో తెల్లగా మెరిసిందల్లా ప్రమాదమూ కాదు. ఎవరికి కావాలో నిర్ణయించవలసింది డాక్టరే.

మన జిల్లాకు ఈ మాట ఎందుకంటారా? బెంగుళూరు నుంచి వచ్చే పెద్దరోడ్డు హోసూరు మీదుగా కృష్ణగిరికి వస్తుంది. అక్కడినుంచి ఒకటి చెన్నైకి, ఒకటి సేలానికి చీలుతుంది. రాత్రీ పగలూ లారీలు, వాటి మధ్య మన మోటారుసైకిళ్ళు. 1974లో ఏర్పడిన నిమ్‌హాన్స్ బెంగుళూరులో ఉన్నది హోసూరు రోడ్డు మీదనే. 2022లో కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. 2005లో హైదరాబాదులో పుట్టిన 108 అంబులెన్సు 2008లో తమిళనాడుకు వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో మొదలుపెట్టిన పథకం కింద, ఈ రాష్ట్రంలో రోడ్డు ప్రమాదానికి గురైనవారికి మొదటి 48 గంటల వైద్యం ఉచితం. కుప్పం నుంచి వచ్చినవారైనా సరే.

వెన్ను దెబ్బతిన్నంత మాత్రాన బతుకు ముగియదు కూడా. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి డాక్టరు మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, తరువాత తనలాంటివారికి పునరావాస విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ అందుకుంది.

అయితే రాకుండా ఆపగలిగినదాన్ని ఆపడం మన చేతిలో ఉంది. చెట్టుమీదనుంచో, బండిమీదనుంచో పడినవాణ్ణి లాగి కూర్చోబెట్టకండి. మెడ తిప్పకండి, నూనె పెట్టి మర్దన చేయకండి. తల కదలకుండా ఇద్దరు చేతులతో రెండు పక్కలా పట్టి, 108కి ఫోను చేయండి. ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపాక కూడా మెడనొప్పి తగ్గకపోయినా, చేతుల్లో తిమ్మిరి, కాళ్ళలో తడబాటు కనిపించినా ఆలస్యం చేయకుండా మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, "లోపలి కట్టు చూడాలా డాక్టరుగారూ?" అని అడగండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.