చద్ది వేరు, పాచి వేరు

‘చద్ది’కి పాత రూపం ‘చల్ది’. చలి, చల్లన అనే మాటలకు చుట్టం. పోతన భాగవతంలో గోపబాలకులు కృష్ణుడితో కూర్చుని తిన్నవి ఈ చల్దులే. తెలంగాణలో ‘సద్ది’ అంటారు. పొలానికి కట్టుకుపోయే మూటా సద్దే, బతుకమ్మ చివరినాటి నైవేద్యాలూ సద్దులే.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నకు చద్ది. అదే వేళ్లకు జిగురుగా తగిలి తీగ సాగితే పాచిపోయినట్టు. మొదటిది పెరుగూ ఉల్లిపాయతో కంచంలోకి, రెండోది కుడితి తొట్టిలోకి.

ప్యాకెట్ల మీది తేదీల్లోనూ ఇలాంటి తేడానే ఉంది. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు గడువు. అది దాటిన బిస్కెట్లలో కరకర తగ్గొచ్చు కానీ, సరిగా నిల్వ ఉంచితే సాధారణంగా తినొచ్చు. ‘యూజ్ బై’, ‘ఎక్స్‌పైరీ’ దాటినవి మాత్రం తినకూడదు. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ఈ రెండో రకం తేదీనే తప్పనిసరి చేశాయి. మనమేమో అన్నిటినీ ‘డేటు అయిపోయింది’ అని ఒకే గాటన కట్టి పారేస్తున్నాం.

2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో 60 శాతం ఇళ్లలోనిదేననీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా. అలాగని ఎక్స్‌పైరీ దాటినదాన్ని వాసన చూసి తినేయకూడదు. జబ్బు చేసే క్రిములన్నీ కంపు కొట్టవు.